మేనత్త నోరు

డెంటల్ కాలేజీలో చదివి డాక్టరునైనా, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఒక్క మనిషి నోటినీ తెరిపించలేదు. మాదాపూర్‌లో ఒక గాజు భవనం, అందులో పై అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఆ కంపెనీలో కిటికీ లేని ఒక గది. గది గోడ పొడుగునా ఇనుప అరలు, అరల నిండా తెల్లటి పళ్ళ అచ్చులు. వాటిని కొలవడమే నా పని.

ఎందుకు కొలవాలో చెప్తాను. వంకర పళ్ళు సరిచేసే డాక్టరు తీగలు కట్టే ముందు ఒక లెక్క చూసుకోవాలి. దవడలో ఉన్న జాగా ఎంత, అందులో నిలబడాల్సిన పళ్ళ వెడల్పులన్నీ కలిపితే ఎంత. జాగా చాలదని తేలితే పళ్ళు పీకాల్సి రావచ్చు. కొలత కొద్దిగా తప్పినా ఏ రోగమూ లేని గట్టి పన్ను చెత్తబుట్టలోకి పోతుంది. మా కంపెనీ వాళ్ళు నోటిని స్కాన్ చేస్తే చాలు, పళ్ళన్నిటినీ తనే కొలిచి చెప్పే ప్రోగ్రాం తయారుచేస్తున్నారు. యంత్రం చెప్పింది నిజమో కాదో తెలియాలంటే పక్కన మనిషి చేత్తో కొలిచిన కొలత ఉండాలి కదా. ఆ పనికి ఇద్దరం ఉండేవాళ్ళం, నేనూ, కాకినాడ నుంచి వచ్చిన ఇంకో డెంటిస్టూ. ఆమె నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. మాటకు ముందూ వెనకా "అండి" లేకుండా మాట్లాడేది కాదు.

అచ్చులు ఊళ్ళోని క్లినిక్కుల నుంచి వచ్చేవి. పేరుండదు, ఊరుండదు, వయసుండదు. కింద ఒక నంబరు మాత్రం రాసి ఉండేది. పై దవడ, కింద దవడ ఒకదాని మీద ఒకటి కరిపించి పెట్టేవాళ్ళం. పక్కన సర్వర్ల గది ఉండటంతో మా గది ఎప్పుడూ చల్లగా ఉండేది. ఊడ్చడానికి వచ్చే ఆమె తలుపు దగ్గరే ఆగిపోయేది. "నేనొక్కదాన్ని లోపలికి రానమ్మా. మీరిద్దరున్నప్పుడే వస్త. గవి నవ్వుతున్నట్టే ఉంటయి," అనేది. మేము నవ్వేవాళ్ళం.

కొలతకు ఒక నియమం ఉండేది. ప్రతి అచ్చునూ ఒకసారి కొలిచి, కొన్ని వారాలాగి మళ్ళీ కొలవాలి. మొదటి అంకెలు చూడకూడదు. రెండోసారి కూడా దాదాపు అవే అంకెలు వస్తే ఆ చేయి నమ్మదగ్గదని లెక్క. నా చేతికి ఎప్పుడూ అవే వచ్చేవి. ఆమెకు కొంచెం అటూ ఇటూ అయ్యేవి. మీటింగుల్లో మా టీం లీడ్ నా అంకెలు తెర మీద వేసి, "మనిషి చెయ్యి అంటే ఇట్లుండాలి," అనేవాడు. నాకు లోపల గర్వంగా ఉండేది.

ఇంతమంది పళ్ళు కొలిచే నాకు సొంత పళ్ళు మాత్రం వంకర. పై వరుసలో ఎడమ కోరపన్ను మిగతావాటి పైకెక్కి, చిగుళ్ళలో నుంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కుడివైపు ముందుపన్ను ఓరగా వేసిన తలుపులా కొద్దిగా తిరిగి ఉంటుంది. కాలేజీలో ఉచితంగా సరిచేస్తామని నా క్లాసువాళ్ళు ఎన్నిసార్లన్నా నేను కూర్చోలేదు. దానికి కారణం మా నాయనమ్మ.

మాది మూసాపేట. అది ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడి వాళ్ళమే. తర్వాత మియాపూర్‌లో ఫ్లాటు తీసుకున్నాం. బాపు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. బాపుకు ఒక చెల్లె ఉండేదట. నేను పుట్టకముందే, పెళ్ళి కాని పిల్లగా ఉన్నప్పుడే, కుట్టుమిషన్ నేర్చుకోవడానికని పొద్దున ఇల్లు దాటి మళ్ళీ రాలేదట. ఇంట్లో ఆమె ఫొటో ఒకటి ఉండేది గాని అందులో పెదాలు మూసుకుని ఉంటుంది. బాపు ఆమె గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. నాయనమ్మ మాత్రం రోజూ మాట్లాడేది.

"నీది మీ మేనత్త నోరు బిడ్డా," అనేది నన్ను దగ్గరికి తీసుకుని. బొటనవేలితో నా పైపెదవిని ఎత్తి, ఆ కోరపన్నును చూసేది. చాలాసేపు చూసేది. ఆమె వేలికి ఎప్పుడూ సున్నం వాసన. నేను కదిలితే, "ఆగు, చూడనీ," అనేది. బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని నేనేడిస్తే అమ్మ ఒకసారి నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంది. నాయనమ్మ గుమ్మానికడ్డంగా కూర్చుంది. "గా పన్ను ముట్టుకోనియ్య. రేపు అది తిరిగొస్తే దేన్ని చూసి గుర్తుపట్టాలె?" అంది. ఆ మాటలో తల ఎక్కడో తోక ఎక్కడో మాకెవరికీ తెలియలేదు. కాని ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆమెకు. బస్టాపులో, సంతలో, ఆ ఈడు ఆడవాళ్ళెవరైనా కనిపిస్తే దగ్గరికి పోయి, "జర నవ్వు బిడ్డా," అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు భయపడి పక్కకు జరిగేవాళ్ళు. నవ్వినవాళ్ళ నోరు చూసి, కాదని తల ఊపి, నా చేయి పట్టుకుని వెనక్కి వచ్చేది. నేను డెంటల్ కాలేజీలో చేరకముందే ఆమె పోయింది. ఆమె పోయాక కూడా నా పన్నును ముట్టుకోబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం కొత్తగా వచ్చిన డబ్బాలో నుంచి అచ్చులు తీసి అరలో సర్దుతున్నాను. ఒక అచ్చు చేతిలోకి రాగానే నా వేళ్ళు ఆగిపోయాయి. ఎడమ కోరపన్ను పైకెక్కి ఉంది. కుడి ముందుపన్ను ఓరగా తిరిగి ఉంది. దాన్ని లైటు కిందికి తీసుకుపోయాను. నాలుకతో నా పళ్ళను తడుముకుంటూ, వేలితో ఆ అచ్చు పళ్ళను తడిమాను. నాలుక ఎక్కడ వంపు తిరుగుతుందో వేలు కూడా అక్కడే తిరిగింది.

కాని అది నా నోరు కాదు. ఆ అచ్చులో దవడపళ్ళ మొనలు అరిగిపోయి చదునుగా ఉన్నాయి. ముందుపళ్ళ అంచులు పలచబడ్డాయి. అది యాభై దాటిన మనిషి నోరని చూస్తేనే తెలుస్తోంది. ఈ మధ్య పెద్దవాళ్ళు కూడా పళ్ళు సరిచేయించుకుంటున్నారు కాబట్టి ఆ వయసు అచ్చు రావడంలో వింతేమీ లేదు. నేను నిలబడి ఆ వయసును లెక్కపెట్టాను. మేనత్త బతికుంటే ఇప్పుడు అంతే ఉంటుంది.

ఆ సాయంత్రానికి ఇక ఆగలేకపోయాను. నా సహోద్యోగిని బతిమాలి నా నోటి అచ్చు తీయించుకున్నాను. మెత్తటి ముద్దతో నిండిన ట్రేను ఆమె నా పై పళ్ళకు అదిమి పట్టుకుంది. అది గట్టిపడేదాకా మాట్లాడటానికి లేదు. నా ఎదురుగా అరలో అన్ని నోళ్ళూ కరుచుకుని నిశ్శబ్దంగా ఉన్నాయి. నేనూ వాటిలాగే ఉన్నాననిపించింది.

మరునాడు గట్టిపడిన నా అచ్చునూ ఆ అచ్చునూ పక్కపక్కన పెట్టి కాలిపర్ తీసుకున్నాను. అది రెండు సన్నటి దవడలున్న పరికరం. పన్నుకు రెండు పక్కలా ఆనిస్తే వెడల్పు ఎంతో చిన్న తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. ముందు ఆ అచ్చును, తర్వాత నా అచ్చును కొలిచాను. ముందుపన్ను, దాని పక్కది, కోరపన్ను. అంకెలు కలిశాయి. ఒకే మనిషి నోటిని రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుందో అంతే తేడా. అంతకంటే తక్కువే. ప్రతి పన్ను దగ్గరా కాలిపర్ మూసుకుంటూ వచ్చి, సరిగ్గా నేననుకున్న అంకె దగ్గర ఆగుతుంటే నా వెనకాల ఎవరో నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా.

ఆ రోజు ఇంటికి వస్తూ అమీర్‌పేటలో మెట్రో మారాను. మియాపూర్ రైల్లో ఎదురుగా ఉన్న ఆడవాళ్ళ నోళ్ళ వైపే చూస్తున్నానని కొంతసేపటికి గాని నాకు తెలియలేదు. ఒకావిడ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ నవ్వింది. నేను ముందుకు వంగాను. ఆవిడ ఫోను దించి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను తల దించుకున్నాను. నాయనమ్మ చేసిన పనే చేశానని అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి బాపు హాల్లో కూర్చుని పక్కింటివాళ్ళ మిక్సీ విప్పి బాగుచేస్తున్నాడు.

"బాపూ, అత్త దొరికినట్టుంది," అన్నాను.

స్క్రూడ్రైవర్ ఆగింది. అమ్మ వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. నేను గబగబా అంతా చెప్పాను. సంతోషపడతాడనో, ఏడుస్తాడనో, కనీసం నమ్మననైనా అంటాడనో అనుకున్నాను. బాపు ముఖంలో కనిపించింది భయం. చీకట్లో పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడ్డ మనిషిలా ఉన్నాడు.

"ఎవరికి జెప్పినవ్?" అన్నాడు.

"ఆఫీసులో నాతో పనిచేసే ఆమెకు. ఇంకెవరికీ లేదు."

"చెప్పకు. గా క్లినిక్కుకు గిట్ల పోకు. పరేషాన్ కాకు, ఊకో."

"ఊకోమంటావేంది బాపూ? ఇన్నేళ్ళాయె..."

ఆయన విప్పిన మరలన్నీ ఒక గిన్నెలో వేసి, మిక్సీని అట్లాగే వదిలేసి బాల్కనీలోకి పోయాడు. అమ్మ నా వైపు చూసింది. ఆమెకూ ఏమీ తెలియదని ఆ చూపులోనే తెలిసింది.

బాపు వద్దన్నా నేను ఆగదలుచుకోలేదు. ఆ నంబరు ఏ క్లినిక్కుదో కనుక్కుని వెళ్తానని నా సహోద్యోగితో అన్నాను. ఆమె ఆ రెండు అచ్చులనూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"పోలిక ఉందండి, కాదనను. కానీ ఇలాంటి కోరపన్ను ఈ అరల్లోనే ఇంకో నాలుగు చూపించగలను," అంది.

"పోలిక కాదు, కొలతలు కలిశాయి."

"నేనూ కొలిచానండి, నిన్న మీరు వెళ్ళాక. నాకు కలవలేదు."

నాకు కోపమొచ్చింది. "మీ చెయ్యి ఎప్పుడూ అటూ ఇటూ పోతుంది కదా," అన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు. డ్రాయరు నుంచి తెల్ల టేపు తీసి, కాలిపర్ మీద అంకెలు కనిపించే చిన్న తెరకు అంటించింది.

"ఇప్పుడు కొలవండి. పన్నుకు ఆనించి, అలాగే బిగించి నాకివ్వండి. టేపెత్తి నేను చూస్తాను, నేను రాస్తాను. మీరు చూడొద్దండి."

సరేనన్నాను. మొదటి పన్నుకు ఆనించగానే ఏదో తేడాగా ఉంది. చీకటి గదిలో మెట్లు దిగుతున్నట్టు, ఎక్కడ ఆగాలో తెలియలేదు. ఇదివరకు ఎప్పుడూ అలా లేదు. కాలిపర్ తనంతట తనే ఆగినట్టుండేది. ఇప్పుడు దాన్ని బిగించాలా, వదలాలా, పన్ను అంచు ఎక్కడో నిజంగా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె ప్రతిసారీ టేపెత్తి చూసి రాసుకుంది. ఆమె ముఖంలో ఏదైనా కనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ కనిపించలేదు. రెండు అచ్చులూ అయ్యేసరికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి.

ఆమె కాగితం నా ముందుకు జరిపింది. అంకెలు విడిపోయి ఉన్నాయి. ఆ అచ్చులో ముందుపన్ను నా దానికంటే దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు. కోరపన్ను ఇంకా ఎక్కువ.

"ఆమె పెద్దావిడ కదా. అరుగుదల వల్ల కొంత తేడా వస్తుంది," అన్నాను.

"వస్తుందండి. కానీ అరిగితే పన్ను చిన్నదవ్వాలి. ఇవి మీవాటికంటే పెద్దవి. ఒక్కలాంటి పన్నయితే వయసు మీద పడ్డాక పెద్దదెలా అవుతుందండి?"

నిన్న నేను ఏం చేశానో అప్పుడు అర్థమైంది. మొదటి అచ్చు అంకె నా కళ్ళలో ఉంది. రెండో అచ్చు దగ్గర కాలిపర్ మూసుకుంటూ వస్తుంటే, ఆ అంకె కనపడగానే నా వేలు ఆగింది. నేను కొలవలేదు, ఆపాను. ఆపుతున్నానని నాకు తెలియదు. నా చేయి నాతో చెప్పకుండా, నేను కోరుకున్నది నాకు తెచ్చిచ్చింది. నా ఒళ్ళో పెట్టుకున్న ఆ చేతిని చూస్తే అది ఎవరిదో అనిపించింది.

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. అరలో ఉన్న మిగతా అచ్చులన్నిటికీ రెండుసార్లూ ఒకే అంకెలు వచ్చాయి కదా. వాటిలో ఏవి నిజంగా కొలిచాను, ఏవి నా చేయి గుర్తుపెట్టుకుని తెచ్చిచ్చింది? ఇద్దరం కలిసి కొన్నిటిని టేపు పెట్టి మళ్ళీ కొలిచి చూశాం. నా చేయి కూడా అందరి చేయిలాగే అటూ ఇటూ పోతోంది. లీడ్‌కు ఇద్దరం కలిసే చెప్పాం. అతను తెర మీది నా అంకెల వైపు చూసి, "అయితే ఇన్నాళ్ళూ యంత్రాన్ని దేంతో పోల్చినట్టు?" అన్నాడు. మొత్తం అచ్చులన్నీ టేపు పెట్టి మొదటి నుంచి కొలిచాం. ప్రోగ్రాం విడుదల వెనక్కి పోయింది. అదంతా తర్వాతి మాట.

ఆ టేపు సంగతి జరిగాక వచ్చిన ఆదివారం పొద్దున బాపు దగ్గర కూర్చున్నాను. అమ్మ గుడికి వెళ్ళింది. బాల్కనీలో ఎండ పడుతోంది. కింద డిపోలోకి బస్సులు వెనక్కి తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూశాక కూడా నా ఆశ పూర్తిగా చావలేదు.

"కొలతలు కొంచెం తేడా వచ్చినయి బాపూ. కాని నోరు మాత్రం అచ్చం నా లెక్కనే ఉన్నది. ఒక్కసారి పోయి ఆమెను చూసొస్తే ఏంది?"

బాపు నా ముఖం వైపు చూడలేదు. డిపో వైపు చూస్తూ అన్నాడు.

"నీ లెక్కనే ఉంటే ఆమె కాదు."

"అంటే?"

"మా చెల్లె పండ్లు తీరుగుండేటియి. మక్క గింజల లెక్క. వంకరన్నది లేదు."

నాకు మొదట ఆ మాట చెవికెక్కలేదు. "నాయనమ్మ..." అన్నాను.

"నాయనమ్మ చెప్పేది. ఎందుకు చెప్పేదో విను," అన్నాడు బాపు.

ఇక ఆయన ఆగలేదు. నేను అడ్డం రాలేదు. చెల్లె ఇంటికి రాని నాటి నుంచి ఊరంతా వెతికారట. చుట్టాలిళ్ళు, హాస్టళ్ళు, స్టేషన్లు. కొన్నాళ్ళకు పోలీసులు కబురు పెట్టారు. ఊరి అవతల చెరువులో ఒక ఆడపిల్ల దొరికింది, పెద్ద దవాఖానలో ఉంచారు, వచ్చి చూసి చెప్పమన్నారు. బాపు, నాయనమ్మ ఇద్దరే వెళ్ళారు. నీళ్ళలో ఉండి ఉండి ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. బట్టలు కూడా సరిగా లేవు. అక్కడి మనిషి గుడ్డ తీసి పక్కకు నిలబడ్డాడు.

"అమ్మ ఏడ్వలే," అన్నాడు బాపు. "దగ్గరికి పోయి వంగింది. బొటనవేలుతోని పైపెదవి ఎత్తింది. ఎత్తి చూసింది. చానాసేపు చూసింది. నేను ఎనకాల నిలవడ్డ. లేచి పోలీసాయనతోని అన్నది, 'నా బిడ్డకు ఎడమ కోరపన్ను ఎత్తు మీదుంటది సారూ. దీనికి తీరుగున్నయి. ఇది నా బిడ్డ కాదు,' అని."

నా పైపెదవి మీద ఎవరో వేలు పెట్టినట్టు అనిపించి చేత్తో తుడుచుకున్నాను.

"నువ్వేం చేసినవ్ బాపూ?"

"నేను చెవు జూసిన. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటది దానికి. చిన్నప్పుడు కొట్లాడుకున్నప్పుడు నేనే కమ్మ పట్టుకుని గుంజిన. చీలి ఉన్నది. అదే తీరు, అదే పక్క." ఆయన గొంతు మారలేదు, మాట మాత్రం నెమ్మదైంది. "అమ్మ కాదన్నంక నేను అవునని ఎట్లంట? పోలీసాయన నా దిక్కు చూసిండు. 'మా అమ్మ చెప్పింది నిజమే సారూ, మా చెల్లెకు కోరపన్ను ఎత్తుంటది,' అన్న."

బస్సెక్కి ఇద్దరూ ఇంటికి వచ్చారట. ఇంటికి రాగానే నాయనమ్మ అన్నం వండిందట. ఆ దవాఖానలో ఉన్న పిల్లను ఎవరూ రాని శవాలతో కలిపి ఎక్కడో పూడ్చారు. ఎక్కడో బాపు కనుక్కోలేదు. కనుక్కుంటే ఆమే అని ఒప్పుకున్నట్టే కదా.

"ఇద్దరం మళ్ళ ఎన్నడు ఆ ముచ్చట మాట్లాడుకోలే. కొన్నేండ్లకు నువ్వు పుట్టినవ్. నీకు పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చినప్పుడు ఎడమ కోరపన్ను పైకెక్కింది. అమ్మ నీ పెదవెత్తి చూసి నా దిక్కు చూసింది. 'చూసినవా, మేనత్త నోరు,' అన్నది. నేను సప్పుడు చెయ్యలే. ఇగ అప్పటి నుంచి ఆమెకు అదే నిజమైంది. నాకు కూడా ఒక్కోసారి అనిపించేది, ఏమో, ఎత్తుండేదేమో అని. మీదికెళ్ళి నువ్వు ఎదురుంగ నవ్వుతుంటే ఇంకా అనిపించేది."

బస్టాపులో నాయనమ్మ చేయి పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి. ఆమె అందరి నోళ్ళలోనూ వెతికింది లోకంలో లేని పన్నును. అది దొరకనంతకాలం ఆమె కూతురు దొరకలేదంతే. ఎక్కడో ఉన్నట్టే. ఒక్క నా నోట్లో మాత్రం అది దొరికింది. అందుకే దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇన్నేళ్ళుగా నేను నోట్లో మోసుకు తిరిగింది నా పన్నో, ఆమె చెప్పిన అబద్ధమో నాకు తెలియలేదు.

"ఆమేనని నీకు గట్టిగా తెలుసా బాపూ? చెవి తమ్మె చాలామందికి చీలి ఉంటది," అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"తెలుసు," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "అప్పుడు తెలుసు," అన్నాడు.

అమ్మ గుడి నుంచి వచ్చేసరికి మేమిద్దరం అట్లాగే కూర్చుని ఉన్నాం. బాపు ఆమెకు తనే చెప్పాడు, నేను పక్కనుండగానే. అమ్మ చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి విన్నది. విన్నాక, "అత్తమ్మ పొయ్యేముందు కూడా నా నోరు తెరిచి చూపియ్యమన్నది. జ్వరంల అన్నదేమో అనుకున్న," అంది. ఆ మాట నాకూ కొత్తే.

క్లినిక్కు పేరు నేను కనుక్కోలేదు. ఆ అచ్చును కూడా మిగతావాటితో పాటు దాని వంతు వచ్చినప్పుడు టేపు పెట్టి కొలిచి, పని పూర్తయ్యాక డబ్బాలో సర్ది పంపేశాం. ఆవిడ ఎవరో, ఆ పన్ను సరిచేయించుకుందో లేదో తెలియదు. కొన్నాళ్ళు మాత్రం ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోయాను. నా సహోద్యోగి టీ తాగడానికి లేస్తే నేనూ లేచేదాన్ని. ఆమెకు అంతా చెప్పాను. ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "మీ నాయనమ్మగారు అలా చెప్పాలని ముందే అనుకుని లోపలికి వెళ్ళారంటారా, లేక పెదవి ఎత్తాక అనుకున్నారంటారా?" అని అడిగింది. నేను ఇప్పటికీ ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. ఆ రోజు మా ఇళ్ళల్లో, పోయిన పెద్దలను తలుచుకుని పంతులుకు బియ్యమిస్తారు. బాపు ఏటా తాతకు, నాయనమ్మకు ఇచ్చేవాడు. పొద్దున్నే అమ్మ చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు సర్దుతుంటే బాపు స్నానం చేసి వచ్చి, "ఇంకో వాటా పెట్టు," అన్నాడు. అమ్మ ఎవరికని అడగలేదు. ఇంకో విస్తరాకు తెచ్చి పరిచింది. బియ్యం పోసి, పైన ఒక పచ్చి మక్క కంకి పెట్టింది. తన చెల్లెకు అవి ఇష్టమని బాపు ఆ వారంలోనే ఎప్పుడో చెప్పాడట.

గుడి ఆవరణలో పంతులు ముందు చాలామంది వరుసలో కూర్చున్నారు. మా వంతు వచ్చింది. బాపు ముందు తాత వాటా, తర్వాత నాయనమ్మ వాటా ఇచ్చాడు. మూడో విస్తరాకు ముందుకు జరిపాడు. పంతులు తలెత్తి, "ఎవరి పేరు మీద?" అన్నాడు.

బాపు నోరు తెరిచాడు గాని మాట రాలేదు. వెనక వాళ్ళు జరగమన్నట్టు దగ్గారు. నాయనమ్మ ఆ పేరును రోజుకు పదిసార్లు పిలిచేది. నేను బాపు నోట మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. పంతులు మళ్ళీ అడిగాడు.

బాపు పేరు చెప్పాడు. "నా చెల్లె," అన్నాడు ఆ తర్వాత. పంతులు ఆ పేరును మంత్రంలో కలిపి పలికి, నీళ్ళు వదలమన్నాడు. బాపు చెంబు వంచాడు. నీళ్ళు సగం నేల మీద, సగం బియ్యం మీద పడ్డాయి. "పర్వాలేదు, అయిపోయింది, లేవండి," అన్నాడు పంతులు. వరుసలో తర్వాతివాళ్ళు వచ్చి కూర్చున్నారు.